గూబ

ఏకిల్ ఊరి చివర, చక్కెరదుంపల లారీలు తిరిగే మలుపులో
డోరీన్ పెగ్ ధాన్యపు కొట్టం.
ఫిబ్రవరి. అయిదున్నరకే చీకటి.
ఈ గోడ నుంచి ఆ గోడకి తాడు కట్టి
ఆరు మైకులు వేలాడదీశాను,
ఉతికి ఆరేసిన పిల్లల మేజోళ్లలా.

ముందు పావురం.
టపటపటప. తెరమీద గీత
గరగ ఎత్తినవాడిలా ఎగిరెగిరి పడింది.
తర్వాత డేగ. కత్తి నూరినట్టు ఒక్క గీర.
తర్వాత డోరీన్ ఎడంచేతి తోలుతొడుగు మీంచి
తెల్లగా, గుండ్రటి ముఖంతో, మూడొందల పది గ్రాముల
ఫ్లానెల్.

అది ఈ చివర ఉంది.
అది ఆ చివర ఉంది.
మధ్యలో ఏం జరిగిందో గీతకు తెలీదు.

"మైకు చచ్చిందా?" అన్నాను.
డోరీన్ నవ్వలేదు.
ఇరవయ్యేళ్లుగా అందరూ అడిగేదే అట.

కిందటేడు అది రాల్చిన ఈక ఒకటి
భూతద్దం కింద పెట్టి చూశాను.
ముందంచున దువ్వెన.
మా అమ్మమ్మ పేలదువ్వెన కన్నా సన్నపు పళ్లు,
ఎదురొచ్చే గాలికి చిక్కు తీసి
పాయలు పాయలుగా వెనక్కి పంపేవి.
వెనకంచున ముడులు వెయ్యని కొంగు కుచ్చు.
పైనంతా మఖమలు, ఈక మీద ఈక జారినా గీరుకోదు.
రెక్క పెద్దది, ఒళ్లు చిన్నది,
హడావిడిగా కొట్టుకోవలసిన పని లేదు.
దాన్ని మొయ్యడానికి గాలి గొణుక్కోదు.

పగలు నేను గాలిమరల కంపెనీలో.
నలభై మీటర్ల రెక్క వెనకంచుకి
రంపంపళ్ల పట్టీలు అంటిస్తాం.
రెండు డెసిబెళ్లు తగ్గితే కేకు కోసుకుంటాం.
అయినా పక్క పొలం బెథెల్ గారి ఉత్తరం
ప్రతి సోమవారం వస్తుంది: నిద్ర లేదు.

ఎలక వినకూడదని ఇదంతా, అన్నాను.
"అది సగమే" అంది డోరీన్.
రెండో సగం, తను వినాలని.
గడ్డికింద ఎలక ఒక గింజ కొరికితే
సొంత రెక్కల చప్పుడే అడ్డు రాకూడదని.
దాని ముఖమంతా చెవే.
ఎడమది కాస్త పైకి, కుడిది కాస్త కిందకి,
మేకు సరిగ్గా కొట్టని పటంలా.

అప్పుడు తట్టింది. మా భాషలో
పిట్టా గూబే, చెవి మొదలూ గూబే.
లెక్కల మేష్టారు "గూబ గుయ్యిమంటుంది" అన్నప్పుడల్లా
నేను పక్షినే తలుచుకునేదాన్ని,
కణత పక్క నుంచి లేచి
కిటికీలోంచి వెళ్లిపోతున్నట్టు.
డోరీన్‌కి చెప్పాను. "గూ...బ" అని నోట్లో తిప్పుకుంది.
ఫ్లానెల్ మెడ వెనక్కి తిప్పి మావైపు చూసింది.
గూబ వాలిన ఇల్లు మావాళ్లు
ఆర్నెల్లు పాడుపెడతారని మాత్రం చెప్పలేదు.

ఎనిమిదింటికి వాన.
"ఒక్కసారి బయట, పొలంలో వదులు" అన్నాను.
"వద్దు."
బాతుకున్న జిడ్డు దీనికి లేదట.
ఆ మెత్తదనం నీళ్లు తాగేస్తుంది.
వరసగా నాలుగు రాత్రులు పడితే, అంది,
కంచె కింద దొరుకుతాయి.
చేతిలోకి తీసుకుంటే బరువే ఉండవు,
చుట్టూ గడ్డినిండా ఎలకలు ఉండగానే.
అలా ఏరినవి ఎన్నో అడిగాను.
కొక్కేనికి తొడుగు తగిలించడంలో ఉండిపోయింది.

నా వానకోటు జిప్పు లాగాను.
ఆరు మైకులూ ఉలిక్కిపడ్డాయి.
చెయ్యి ఎత్తితే గరగర, మెడ తిప్పితే బరబర,
పావురం గీత కన్నా ఎత్తుకి లేచింది నా గీత.
ఎక్కడా చుక్క దిగని కోటు అది,
నూట ఎనభై పౌన్లు.

విప్పి గడ్డిమోపు మీద పడేశాను.
ఒక మైకు తాడునుంచి తప్పించి
గుమ్మం దాటి బయట నిలబడ్డాను.
దూరంగా మా గాలిమర, తగ్గించినంత తగ్గించిన హోరు.
దగ్గర్లో, దుంపల ఆకుల మీద, ఒక్కో ఆకు మీద ఒక్కోలా.

కారు సీటు మర్నాటికి కూడా ఆరలేదు.
రికార్డులో నలభై నిమిషాల వాన ఉంది.
మూడుసార్లు విన్నాను.
నేను ఎక్కడా లేను.